కాశ్మీరు మీదుగా వాషింగ్టన్‌కు

ఇప్పుడు మనం శరణార్థులంటున్న వాళ్లను వెనకటి తరం కాందిశీకులనేది. దేశ విభజన నాటి తెలుగు రాతల్లో ఆ మాట తరచు తగులుతుంది. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు’ అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. శరణార్థి అన్నప్పుడు ఆశ్రయం ఇచ్చేవాడొకడు అప్పటికే ఎదుట నిలబడి ఉంటాడు. కాందిశీకుడన్న మాటలో మాత్రం ఉన్నది ప్రశ్నే. అమెరికాకు విదేశాంగ మంత్రి అయిన మొదటి మహిళ మాడెలీన్ ఆల్‌బ్రైట్ బాల్యానికి ఈ పాత మాటే బాగా అతుకుతుంది. పన్నెండేళ్లు నిండేలోపు ఆమె కుటుంబానికి రెండుసార్లు ఆ ప్రశ్న ఎదురైంది. మొదటిసారి దొరికిన జవాబు లండన్. రెండోసారి దారి చూపింది, విచిత్రంగా, కాశ్మీరు తగాదా.

1937 మే 15న ప్రాగ్ నగరంలో పుట్టినప్పుడు ఆమెకు పెట్టిన పేరు మారీ యానా కోర్బెలోవా. ముద్దుపేరు మద్‌లెంకా. తండ్రి యోసెఫ్ కోర్బెల్ చెకోస్లొవాకియా విదేశాంగ శాఖలో యువ అధికారి. బెల్‌గ్రేడ్‌లోని తమ రాయబార కార్యాలయంలో పత్రికా వ్యవహారాలు చూసేవాడు. తల్లి ఆన్నా. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1918లో ఏర్పడిన దేశం వాళ్లది. దానికి ఇరవయ్యేళ్లు నిండీ నిండకముందే, 1938 సెప్టెంబరు చివర, హిట్లర్, ముస్సోలినీ, బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే మ్యూనిక్‌లో సమావేశమై దాని సరిహద్దు ప్రాంతాన్ని జర్మనీకి రాసిచ్చేశారు. సొంతదారులైన చెక్‌లకు ఆ చర్చలో కుర్చీ వేయలేదు. ఆర్నెల్లు తిరక్కుండా, 1939 మార్చి 15న, జర్మన్ సైన్యం ప్రాగ్‌లోకి వచ్చింది.

ఆ నెల 25వ తేదీ రాత్రి కోర్బెల్ దంపతులు, ఇంకా రెండేళ్లు నిండని పాపతో, రెండు చిన్న పెట్టెలతో రైలెక్కారు. దేశం దాటడానికి అనుమతి కాగితం ఎలా దొరికిందన్నదానికి ఆన్నా తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో మూడు కారణాలు చెప్పింది: మంచి స్నేహితులు, బోలెడు అదృష్టం, కాస్త లంచం. బెల్‌గ్రేడ్ వెళ్లి, అక్కణ్నుంచి గ్రీస్ మీదుగా లండన్ చేరారు.

కోర్బెల్ కట్టుబట్టలతో వెళ్లాడే గాని ఖాళీ చేతులతో వెళ్లలేదు. భాషలు వచ్చు, దౌత్యం తెలుసు, ప్రవాస ప్రభుత్వాన్ని కూర్చిన ఎద్వార్ద్ బెనెష్‌కూ, విదేశాంగ మంత్రి యాన్ మసరిక్‌కూ ఆయన తెలుసు. ఆ ప్రభుత్వపు రేడియో ప్రసారాల విభాగాన్ని నడిపే పని దొరికింది. బీబీసీ ద్వారా మాతృదేశానికి వార్తలు పంపేవారు. కాందిశీకుల చరిత్ర రాసేటప్పుడు మనం పెట్టెలు లెక్కపెడతాం. పెట్టెలో పట్టనివే, అంటే చదువు, పరిచయాలు, పదవి వదిలిన వాసన, చాలాసార్లు గమ్యాన్ని నిర్ణయిస్తాయి. అదే వారం అదే ప్రాగ్ నుంచి బయటపడాలని ప్రయత్నించి, ఇవేవీ లేక ఆగిపోయినవాళ్లు వేలమంది.

లండన్‌లో వాళ్లు నాటింగ్ హిల్‌లో ఒక ఎర్ర ఇటుకల భవనంలో ఉండేవారు. 1940లో జర్మన్ విమానాల బాంబు దాడులు మొదలయ్యాక రాత్రిళ్లు అందరూ కింది నేలమాళిగలో తలదాచుకునేవారు. తర్వాత నగరం వదిలి వాల్టన్-ఆన్-థేమ్స్ అనే ఊళ్లో ఉన్నారు. అక్కడి ఇంట్లో ఒక ఉక్కు బల్ల ఉండేది. పగలు దానిమీద భోజనం, దాడి జరిగితే దాని కింద నిద్ర. శరణార్థి పిల్లల మీద తీసిన ఒక చిన్న సినిమాలో మద్‌లెంకా కూడా కనిపించింది. పారితోషికంగా గులాబీ రంగు కుందేలు బొమ్మ ఇచ్చారు. యుద్ధకాలపు జ్ఞాపకాల్లో ఆ కుందేలుకు ఆమె ఇచ్చినంత చోటు చాలామంది రాజనీతిజ్ఞులకు ఇవ్వలేదు. ఆ ఇంట్లో మరో ఆడపిల్ల కూడా ఉండేది. మేనత్త కూతురు. యుద్ధానికి ముందు చెక్ పిల్లలను రైళ్లలో ఇంగ్లండుకు చేరవేసిన నికొలస్ వింటన్ పుణ్యాన ఒంటరిగా వచ్చింది. ఆ పిల్ల తల్లిదండ్రులు, చెల్లెలు వెనకే ఉండిపోయారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికి రావలసి ఉంది.

1945లో యుద్ధం ముగిసి, ఒక బాంబర్ విమానంలో కూర్చుని స్వదేశానికి తిరిగి వచ్చారు. ఇళ్లకు తిరిగి వచ్చేవాళ్లు కొందరైతే ఇళ్లు పోగొట్టుకునేవాళ్లు మరికొందరు. మరుసటి ఏడాది ముగిసేలోగా ఆ దేశం నుంచి దాదాపు 30 లక్షలమంది జర్మన్ భాషీయులను వెళ్లగొట్టారు. కాందిశీకత ఒక్క జాతి సొత్తు కాదని ఆ నేల మీద అంత దగ్గరగా మరెక్కడా కనిపించదు. కోర్బెల్‌ను యుగోస్లావియాకు రాయబారిగా పంపారు. బెల్‌గ్రేడ్ విమానాశ్రయానికి వచ్చే పెద్దలకు, జాతీయ దుస్తులు వేసుకుని పూలగుత్తి అందించే పని రాయబారి గారమ్మాయిది. మార్షల్ టిటోకు కూడా ఆమె పూలిచ్చింది. అక్కడి బడుల్లో కమ్యూనిజం పాఠాలు చెబుతారని తండ్రి ఆమెను పదేళ్ల వయసులో స్విట్జర్లాండ్‌లో, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న ఒక బాలికల పాఠశాలకు పంపాడు. ఫ్రెంచి రాక మొదట్లో ఏడ్చింది. వచ్చాక మద్‌లెంకా కాస్తా మాడెలీన్ అయింది.

ఇక కాశ్మీరు. 1948 జనవరి 1న భారత ప్రభుత్వం కాశ్మీరు ఫిర్యాదును భద్రతామండలి ముందు పెట్టింది. జనవరి 20న మండలి 39వ తీర్మానంతో ఒక కమిషన్ వేసింది. మొదట ముగ్గురే సభ్యులు. ఒక దేశాన్ని భారత్, ఒకదాన్ని పాకిస్తాన్ ఎంచుకోవాలి. ఆ ఇద్దరూ కలిసి మూడోవాణ్ని పిలవాలి. పల్లెల్లో పొలం గట్టు తగాదాకు పెద్దమనుషులను కూర్చోబెట్టే పద్ధతే ఇది. పాకిస్తాన్ అర్జెంటీనాను కోరింది. భారత్ కోరింది చెకోస్లొవాకియాను. తర్వాత ఏప్రిల్ 21న కమిషన్‌ను ఐదుగురికి పెంచి బెల్జియం, కొలంబియా, అమెరికాలను కూడా చేర్చారు. చెకోస్లొవాకియా తరఫున వెళ్లవలసిందిగా కోర్బెల్‌ను ఫిబ్రవరిలో నియమించారు.

ఆ నెల 25న ప్రాగ్‌లో కమ్యూనిస్టులు అధికారాన్ని పూర్తిగా చేజిక్కించుకున్నారు. మార్చి 10న, కోర్బెల్‌కు పెద్దదిక్కైన యాన్ మసరిక్, విదేశాంగ శాఖ ఉండే చెర్నీన్ భవనంలో తన నివాసపు కిటికీ కింద శవమై కనిపించాడు. దూకాడా, తోసేశారా అన్న వాదం ఇప్పటికీ ఉంది. ఇలాంటి వేళ కోర్బెల్‌కు మిగిలింది ఆ కాశ్మీరు నియామకం ఒక్కటే. కొత్త ప్రభుత్వం దాన్ని వెంటనే రద్దు చేయలేదు. కాబట్టి ఆయన తన దేశ ప్రతినిధిగా, దౌత్య పాస్‌పోర్టుతో, దేశం వెలుపల నిలబడగలిగాడు. భార్యాపిల్లలు లండన్ చేరారు.

1948 జులై 7న కమిషన్ కరాచీలో దిగింది. పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ వాళ్లకు చెప్పిన మొదటి కబురు, పాకిస్తాన్ సైనిక దళాలే కాశ్మీరులో ఉన్నాయని. అప్పటిదాకా అధికారికంగా ఒప్పుకోని సంగతి అది. తగాదా స్వరూపమే మారిపోయింది. ఢిల్లీకి, కరాచీకి, కాశ్మీరుకు తిరిగి కమిషన్ ఆగస్టు 13న తన తీర్మానం తయారుచేసింది. ముందు కాల్పుల విరమణ, తర్వాత పాకిస్తాన్ సేనల ఉపసంహరణ, ఆపైన భారత సేనల్లో ఎక్కువ భాగం వెనక్కి రావడం, చివరికి ప్రజాభిప్రాయం. ఆ తీర్మానం అర్థం విడమరచమని జవహర్‌లాల్ నెహ్రూ అడిగిన ప్రశ్నలకు కమిషన్ అధ్యక్షుడి హోదాలో జవాబులు రాసింది కోర్బెలే. మన కాశ్మీరు చర్చల్లో నేటికీ వేళ్లు పెట్టి చూపించే ఆ ఉత్తరాల కింద సంతకం చేసిన మనిషికి, అవి రాస్తున్నప్పుడు, తిరిగి వెళ్లడానికి ఇల్లు లేదు. ఇళ్లు వదిలి పారిపోయిన జనం ఎటు వెళ్లాలో, ఏ జెండా కింద ఉండాలో తేల్చే గుంపులో కూర్చుని, తన ముగ్గురు పిల్లలను ఏ దేశంలో పెంచాలో మనసులో తేల్చుకుంటున్నాడు.

1949 జనవరి 1న కాశ్మీరులో కాల్పుల విరమణ అమలైంది. అప్పటికి కమిషన్‌లో ఆయన కుర్చీలో ప్రాగ్ పంపిన మరో మనిషి ఉన్నాడు. 1954లో కోర్బెల్ ‘డేంజర్ ఇన్ కాశ్మీర్’ అనే పుస్తకం ప్రచురించాడు. కాశ్మీరు మీద విదేశీయులు రాసిన తొలి పుస్తకాల్లో ఇది ముఖ్యమైనది. కమ్యూనిజం కాశ్మీరు లోయలోకి చొరబడుతుందన్న భయం అందులో బాగా వినిపిస్తుంది. ఢిల్లీని, శ్రీనగర్‌ను చూస్తున్న ఆ కళ్లల్లో ప్రాగ్ కదలాడుతూనే ఉంది.

1948 నవంబరు 11న ఆన్నా ముగ్గురు పిల్లలతో ‘అమెరికా’ అనే ఓడలో న్యూయార్క్ రేవు చేరింది. మాడెలీన్‌కు పదకొండేళ్లు. తండ్రి డిసెంబరులో వచ్చాడు. 1949 ఫిబ్రవరిలో రాజకీయ ఆశ్రయం కోరాడు, జూన్‌లో దొరికింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో డెన్వర్ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సంబంధాలు బోధించే కొలువు కుదిరింది. రాయబారి పాఠాలు చెప్పే పంతులయ్యాడు. కూతురు మాత్రం ఆ పంతులు వృత్తిని తక్కువగా ఎన్నడూ చెప్పలేదు. బడిలో అంతర్జాతీయ వ్యవహారాల సంఘం లేకపోతే తనే పెట్టి తనే అధ్యక్షురాలైంది. అప్పటికే ఆమె నాలుగు దేశాల్లో బతికింది. పిల్లల మధ్య వేరుగా కనబడకూడదన్న తపన ఎక్కువ. 1955లో ఉపకారవేతనం మీద వెల్స్‌లీ మహిళా కళాశాలలో చేరింది. 1957లో అమెరికా పౌరురాలైంది.

ఇక్కణ్నుంచి కథలో ‘శరణార్థి’ పక్కకు తప్పుకుని ‘ఆడది’ ముందుకొస్తుంది. పౌరసత్వం ఒక్క సంతకంతో వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగానికి మరో పందొమ్మిదేళ్లు పట్టింది. 1959లో వెల్స్‌లీ పట్టాలిచ్చే రోజున ప్రసంగించడానికి రక్షణమంత్రి నీల్ మెకెల్‌రాయ్ వచ్చాడు. ఆ తరగతిలో ఆయన కూతురు కూడా ఉంది. పెళ్లి చేసుకుని బుద్ధిమంతులైన పిల్లలను పెంచడమే మీ ముఖ్య కర్తవ్యమని ఆ పట్టభద్రులకు ఆయన హితవు చెప్పాడు. ఆ జూన్‌లోనే మాడెలీన్‌కు జోసెఫ్ ఆల్‌బ్రైట్‌తో పెళ్లయింది. ఆయనది పత్రికాధిపతుల కుటుంబం. ఆమెకు కూడా విలేకరి కావాలని ఉండేది. చికాగోలో భర్త పనిచేసే పత్రిక సంపాదకుడొకాయన ఒక రాత్రి భోజనాల దగ్గర, భర్త పనిచేసే పత్రికలో భార్యకు చోటుండదనీ, పోటీ పత్రికలో చేరితే బాగుండదనీ చెప్పి, ఇంకేదైనా పని చూసుకోమన్నాడు. ఆమె తల ఊపి ఒక విజ్ఞాన సర్వస్వం కార్యాలయంలో చేరింది. ఆనాడు ఎదురు చెప్పలేదని తర్వాత ఆమె పలుసార్లు తలచుకుంది.

1961లో కవల ఆడపిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. వాళ్లను ఆసుపత్రిలో అద్దాల పెట్టెల్లో ఉంచి, తల్లిని ఇంటికి పంపేశారు. ఒళ్లో బిడ్డలు లేని ఆ వారాల్లో ఏం చేయాలో తోచక ఆమె ఒక కళాశాలలో రష్యన్ భాషా తరగతుల్లో చేరింది. నన్నడిగితే ఆమె జీవిత చరిత్రలో తిరుగులేని మలుపు ఇదే. ఎవరూ సిఫారసు చేయలేదు, తండ్రి హోదా పనికి రాలేదు. తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో రష్యా వ్యవహారాలు చదివింది. అక్కడ గురువు బ్రెజిన్‌స్కీ. ఆయన కూడా పోలెండ్‌లో పుట్టిన దౌత్యవేత్త కొడుకే. 1967లో మూడో కూతురు పుట్టింది. పొద్దున నాలుగున్నరకు లేచి, పిల్లలు లేచేలోపు పరిశోధన వ్యాసం రాసుకునేది. 1968 ‘ప్రాగ్ వసంతం’లో పత్రికల పాత్ర ఆమె అంశం. డాక్టరేట్ 1976లో చేతికొచ్చింది. ఈ తపస్సులో డబ్బున్న అత్తింటి వెసులుబాటు, ఇంట్లో పనివాళ్ల సాయం ఉన్నాయన్నది కూడా నిజమే. ఆ సాయం లేని తెల్లవారుజాములు ఎన్ని వ్యాసాలను మింగాయో చరిత్రకు లెక్క లేదు.

పిల్లల బడికి చందాలు వసూలు చేసిన నేర్పే ఆమెను రాజకీయాల్లోకి తెచ్చింది. సెనేటర్ ఎడ్మండ్ మస్కీ 1972 ఎన్నికల ప్రయత్నానికి నిధులు పోగుచేసింది. 1976లో ఆయన దగ్గరే శాసన వ్యవహారాల సహాయకురాలిగా చేరింది. అప్పటికి ఆమెకు 39 ఏళ్లు. ప్రభుత్వంలో అదే తొలి జీతం. రెండేళ్లకు బ్రెజిన్‌స్కీ ఆమెను శ్వేతసౌధపు జాతీయ భద్రతా మండలికి పిలిపించుకున్నాడు. 1980 ఎన్నికల్లో అధ్యక్షుడు కార్టర్ ఓడడంతో 1981లో ఆ పని పోయింది. 1982 జనవరిలో భర్త, తనకు మరొకరి మీద ప్రేమ కలిగిందని చెప్పి వెళ్లిపోయాడు. ఆ ఏడే జార్జిటౌన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. తరగతిలో ఆడపిల్లలకు ఆమె చెప్పే పాఠం ఒకటి ప్రసిద్ధం. మాట్లాడేందుకు చెయ్యెత్తి కూర్చోకండి, అవతలివాణ్ని మధ్యలో ఆపి మాట్లాడడం నేర్చుకోండి అని.

ఆమె ఇంటి భోజనాల బల్ల చుట్టూ డెమొక్రటిక్ పార్టీ విదేశాంగ నిపుణులు చేరేవారు. పార్టీ ఓడుతూనే ఉంది. 1984లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జెరాల్డిన్ ఫెరారోకు సలహాదారు, ఓటమి. 1988లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన డుకాకిస్‌కు సలహాదారు, మళ్లీ ఓటమి. డుకాకిస్ కోసం మనుషులను పోగుచేస్తూ స్టాన్‌ఫర్డ్‌లో ఒక యువ అధ్యాపకురాలికి ఫోన్ చేసింది. ఆమె పేరు కోండలీజా రైస్. నేను రిపబ్లికన్ అని అవతలి నుంచి జవాబు. మనిద్దరికీ నాన్న ఒక్కరే కదా, అదెలా కుదిరిందని మాడెలీన్ ఆశ్చర్యపోయింది. 1977లో కోర్బెల్ అంత్యక్రియలకు వచ్చిన పూలమధ్య పియానో ఆకారంలో ఒక పింగాణీ పాత్ర ఉందట. నాన్నకు ఇష్టమైన శిష్యురాలు పంపిందని తల్లి చెప్పింది. ఆ శిష్యురాలే సంగీతం చదువుతూ కోర్బెల్ పాఠాలు విని దారి మార్చుకున్న కోండలీజా రైస్. అమెరికా విదేశాంగ మంత్రి అయిన తొలి మహిళను కన్నదీ, రెండో మహిళకు పాఠం చెప్పిందీ ప్రాగ్ నుంచి తరిమిన ఆ పంతులే.

1993లో అధ్యక్షుడు క్లింటన్ ఆమెను ఐక్యరాజ్యసమితికి రాయబారిగా పంపాడు. 183 సభ్య దేశాల్లో మహిళా రాయబారులు ఏడుగురే. ఆమె మిగిలిన ఆరుగురినీ భోజనానికి పిలిచి, ఒకరి ఫోను ఒకరు తప్పక ఎత్తాలన్న ఒప్పందం కుదుర్చుకుంది. భద్రతామండలి బల్ల చుట్టూ పదిహేను మందిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఇరాక్ పత్రికల్లో ఆమెను పాముతో పోల్చి రాస్తే, ఇరాక్ ప్రతినిధులను కలిసే రోజున బంగారు పాము పిన్ను పెట్టుకుని వెళ్లింది. ఆమె నగలపెట్టె దౌత్యంలో భాగమైంది అలాగే. నిజానికి ఆ కాలంలో మాట్లాడుకోవలసింది నగల గురించి కాదు. 1994లో రువాండాలో లక్షలమందిని ఊచకోత కోస్తున్నప్పుడు శాంతి దళాన్ని తగ్గించే వైపే వాషింగ్టన్ మొగ్గింది. ఆ మాట మండలిలో చెప్పవలసి వచ్చింది ఆమెకే. 1996లో ఒక టీవీ కార్యక్రమంలో, ఇరాక్ మీది ఆంక్షల వల్ల 5 లక్షలమంది పిల్లలు చనిపోయారంటున్నారు, అంత మూల్యం తగినదేనా అని అడిగితే, తగినదే అనుకుంటున్నామంది. ఆ లెక్క తప్పని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఆమె కూడా ఆ జవాబుకు పశ్చాత్తాపపడింది. అయినా ఉక్కు బల్ల కింద పడుకున్న పిల్ల నోట ఆ మాట ఎలా వచ్చిందన్న ప్రశ్న ఉండనే ఉంది. బాధ పడినవాళ్లకు బాధ తెలుస్తుందని మనం ఊరికే అనుకుంటాం. అధికార పీఠం మీద కూర్చున్నాక ఎవరి బాధ కనిపిస్తుందన్నది వేరే లెక్క.

ఆమెకు కనిపించింది మ్యూనిక్. తన తరం అమెరికన్లు చాలామంది వియత్నాం కళ్లతో లోకాన్ని చూస్తే, తాను మ్యూనిక్ కళ్లతో చూస్తానని ఆమె చెప్పుకునేది. 1996 డిసెంబరు 5న క్లింటన్ విదేశాంగ మంత్రి పదవికి ఆమె పేరు ప్రకటించాడు. సెనేట్‌లో 99 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం సున్నా. 1997 జనవరి 23న 64వ విదేశాంగ మంత్రిగా ప్రమాణం చేసింది. అమెరికా చట్టం ప్రకారం అధ్యక్ష పదవికి వారసుల వరుసలో విదేశాంగ మంత్రిది నాలుగో స్థానం. ఆమె విషయంలో ఆ వరుస ఆమెను దాటి ఐదో వ్యక్తికి వెళ్లిపోతుంది. ఆ దేశంలో పుట్టలేదు కనుక.

1999 మార్చి 12న మిసోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో, ట్రూమన్ గ్రంథాలయంలో, చెక్ రిపబ్లిక్, పోలెండ్, హంగరీలు నాటో కూటమిలో చేరుతున్న పత్రాలను ఆమె అందుకుంది. ఆమె కుటుంబానికి ఆశ్రయమిచ్చినప్పుడు ట్రూమనే అధ్యక్షుడు. పన్నెండు రోజులకు నాటో విమానాలు బెల్‌గ్రేడ్ మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. కొసోవోలో అల్బేనియన్లను తరుముతున్న సెర్బియా నాయకుడు మిలోసెవిచ్‌ను ఆపడానికి 78 రోజుల యుద్ధం. లక్షలమంది కాందిశీకులు సరిహద్దులు దాటారు, యుద్ధం ఆగాక తిరిగొచ్చారు. అమెరికా పత్రికలు ఆ యుద్ధానికి ఆమె పేరే పెట్టాయి. బెల్‌గ్రేడ్ ఆమె చిన్నప్పుడు పూలగుత్తి పట్టుకుని నిలబడిన ఊరు. సెర్బియా వాళ్లు ఆమెను క్షమించలేదు. భద్రతామండలి అనుమతి లేకుండా చేసిన ఆ యుద్ధం సరైనదేనా అన్నది న్యాయవేత్తల మధ్య తేలని వాదం. మ్యూనిక్ పాఠం నేర్చినవాళ్లు ఎప్పుడు కదలాలో చెబుతారు గాని ఎక్కడ ఆగాలో చెప్పలేరని నాకనిపిస్తుంది.

తండ్రి వదిలిన కాశ్మీరు కాగితాలు కూడా ఆమె బల్ల మీదికి తిరిగొచ్చాయి. 1998 మేలో భారత్, పాకిస్తాన్ అణు పరీక్షలు జరిపాక, జూన్ 4న జెనీవాలో భద్రతామండలి ఐదు శాశ్వత సభ్య దేశాల విదేశాంగ మంత్రుల సమావేశంలో అమెరికా తరఫున కూర్చుంది ఆమే. రెండు రోజులకు భద్రతామండలి చేసిన 1172వ తీర్మానంలో కాశ్మీరు పేరుంది. అది ఢిల్లీకి మింగుడుపడలేదు. యాభయ్యేళ్ల కిందట తండ్రి చేసిన పనికీ దీనికీ కార్యకారణ సంబంధం వెతకడం అనవసరం. అమెరికా విధానం ఆమె ఒక్కరిది కాదు. కాకపోతే ఆ తగాదా పుట్టుపూర్వోత్తరాలను చిన్ననాడే ఇంట్లో విన్న విదేశాంగ మంత్రి వాషింగ్టన్‌లో అంతకు ముందు లేరు. ఆ అణు పరీక్షలకు ఆర్నెల్ల ముందు, 1997 నవంబరులో, పెషావర్ దగ్గరి నాసిర్ బాగ్ శిబిరంలో అఫ్గాన్ శరణార్థి బాలికల మధ్య కూర్చుని వాళ్ల మాటలు విని, స్త్రీల పట్ల తాలిబాన్ తీరును నీచమని బహిరంగంగా అంది.

కొత్త పౌరులకు పత్రాలు అందించే వేడుకలంటే ఆమెకు ఇష్టం. ఒకసారి ఒకతను పత్రం తీసుకుని వెళుతూ, శరణార్థినైన నాకు విదేశాంగ మంత్రి చేతుల మీదుగా పౌరసత్వం దక్కిందంటే నమ్ముతారా అని పక్కవాళ్లతో అంటుంటే, ఆమె వెనకే వెళ్లి, ఒక శరణార్థి విదేశాంగ మంత్రి అయిందంటే నువ్వు నమ్ముతావా అని అడిగిందట. 2001 జనవరిలో పదవి దిగింది. 2022 మార్చి 23న, 84 ఏళ్ల వయసులో, వాషింగ్టన్‌లో మరణించింది. ఉక్రెయిన్ నుంచి జనం పెట్టెలతో రైళ్లెక్కి పడమటికి పోతున్న నెల అది.

ఒక సంగతి ఇంతదాకా చెప్పకుండా ఆపాను. ఆమెకు దాన్ని ఎవరూ చెప్పని తీరు తెలియాలంటే కథ ఈ వరుసలోనే రావాలి. కోర్బెల్ కుటుంబం ప్రాగ్ విడిచింది తండ్రి ప్రజాస్వామ్యవాది అయిన దౌత్యవేత్త కావడం వల్లనని ఆమె యాభయ్యేళ్లకు పైగా నమ్మింది. అది నిజమే, సగం నిజం. 1941లో ఇంగ్లండులో తల్లిదండ్రులు ఆమెతో సహా క్యాథలిక్ మతం పుచ్చుకున్నారు. అంతకుముందు వాళ్లు యూదులు. తాతానాయనమ్మల గురించి అడిగితే యుద్ధంలో పోయారని చెప్పేవారు. పిల్ల అంతకుమించి అడగలేదు. ఆమె పదవి చేపట్టిన రోజుల్లోనే, 1997 ఫిబ్రవరిలో, వాషింగ్టన్ పోస్ట్ విలేకరి మైకేల్ డాబ్స్ పాత దస్తావేజులు తవ్వి అసలు సంగతి బయటపెట్టాడు. తాతయ్య ఆర్నోష్ట్ 1942లో తెరెజిన్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. నాయనమ్మ ఓల్గాను 1944లో ఆష్విట్జ్‌లో చంపారు. అమ్మమ్మ రుజేనా కూడా బతకలేదు. లండన్ ఇంట్లో తనతో పెరిగిన అమ్మాయి తల్లిదండ్రులు, చెల్లెలు కూడా. అందరినీ కలిపితే రెండు డజన్ల మందికి పైనే.

ఇన్నాళ్లూ తెలియదంటే మేం నమ్మం అన్నవాళ్లు చాలామంది. చదువుకున్న మనిషి, చరిత్రకారుడి కూతురు, ఒక్కసారైనా అడగదా అన్నారు. నేను ఆ అనుమానం పెట్టుకోను. మన ఇళ్లలో కూడా పెద్దలు ఒక పేరు దగ్గర మాట ఆపేస్తే పిల్లలు ఆ పేరు ఇక ఎత్తరు. అప్పటికి తండ్రి పోయి ఇరవయ్యేళ్లు, తల్లి కూడా లేదు. ఎందుకు చెప్పలేదని అడగడానికి మనిషి మిగలలేదు.

ప్రాగ్‌లో పింకాస్ అనే పాత యూదుల ప్రార్థనా మందిరం ఉంది. బొహీమియా, మొరేవియా ప్రాంతాల్లో నాజీలకు బలైన దాదాపు 78,000 మంది పేర్లను దాని గోడల నిండా చేత్తో రాశారు. కమ్యూనిస్టు పాలనలో ఆ పేర్లు చెరిగిపోయాయి, 1990లలో మళ్లీ రాశారు. 1996లో ఆమె హిల్లరీ క్లింటన్‌తో కలిసి ఆ గోడలను చూసింది. ఆ రాతల్లో తమవాళ్ల పేర్లు వెతకాలన్న ఆలోచనే రాలేదు. మరుసటి ఏడాది జులైలో మళ్లీ వెళ్లింది. ఈసారి ఏ పేర్లు చూడాలో తెలుసు. గోడకు దగ్గరగా జరిగి, వరుసలో ఆర్నోష్ట్ కోర్బెల్, ఓల్గా కోర్బెలోవా అన్న పేర్ల దగ్గర నిలబడింది.